ముందు నిలబడినవాళ్ళకే పిలుపు

పోయిన వారం ప్రోగ్రామింగ్ పాఠం చెప్తుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, తల్లి క్లాసులో రాసిన పని నడుస్తాంది కదా. మధ్యలో బిడ్డ క్లాసు ఎట్ల దూరింది?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట నాది కాదు.

"ఎవర్ని పిలిచినావు? ఎవరు పలికినారు?"

ఆ మాట మా సార్‌ది. అన్నాక చేతిలో ఉన్న చాక్‌పీసును చెవి వెనుక పెట్టుకోబోయి ఆగిపోయాను. అదీ ఆయన అలవాటే. సార్ రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఇంట్లో పుట్టినవారు. వాళ్ళ నాన్న గుడ్డ కత్తిరించేటప్పుడు సుద్దముక్కను చెవి వెనుక పెట్టుకునేవాడట. కంప్యూటర్లు నేర్పే మనిషికి చెవి దగ్గర సుద్ద ఎందుకని మేము నవ్వుకునేవాళ్ళం. సాయంత్రానికి ఆయన కుడి చెంప తెల్లగా అయ్యేది. బోర్డు తుడవడానికి డస్టరు వాడేవారు కాదు. జేబులో ఒక నీలం జీన్సు ముక్క ఉండేది. దానితో తుడిచి, గట్టిగా దులిపి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకునేవారు.

ప్రోగ్రాములో కొన్ని పనులను ఒకచోట కలిపి రాస్తే అది క్లాసు; తల్లి క్లాసు పనులు బిడ్డ క్లాసుకు వస్తాయి. పుస్తకాల్లో తల్లి క్లాసును పైన గీస్తారు, బిడ్డ క్లాసును కింద. సార్ ఎప్పుడూ అలా గీయలేదు. ఆయన బొమ్మలో బిడ్డ ముందు నిలబడి ఉంటుంది. ఆమె వెనుక తల్లి. తల్లి వెనుక జేజి, అంటే అవ్వ. పిలుపు ఎదురుగా వస్తుంది. మొదట ముందు నిలబడినవాళ్ళను అడుగుతుంది. వాళ్ళకు ఆ పని తెలియకపోతే వెనుక ఉన్నవాళ్ళను అడుగుతుంది. వాళ్ళకూ తెలియకపోతే ఇంకా వెనక్కి పోతుంది. "ఇంతే. ఇంతకంటే ఏం లేదు. దీన్నే మీ పుస్తకంలో పెద్ద పెద్ద పేర్లు పెట్టి భయపెట్టినారు" అనేవారు.

ఒకరోజు ల్యాబులో ఉండగా కరెంటు పోయింది. మేము పుస్తకాలు మూసి లేవబోయాం.

"ఏమప్పా, కరెంటు పోతే చదువు గూడా పోతాదా? కూర్చోండి. నువ్వు రా, నువ్వు రా" అని ముగ్గురు అమ్మాయిలను పిలిచి వరుసగా ఒకరి వెనుక ఒకరిని నిలబెట్టారు. నన్ను చివర నిలబెట్టారు. "నువ్వు పాస్టరు బిడ్డవు, ఓపిక ఉంటాది. నువ్వు జేజివి."

నా ముందు నిలబడిన అమ్మాయి తల్లి. అందరికంటే ముందు నిలబడింది కణేకల్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. ఆమె బిడ్డ. నోరు పెద్దది.

"వంట చేయడం ఒక్క జేజికే తెలుసు. జేజీ, నీ వంట ఎట్ల చెప్పు."

"చేతులు కడుక్కోవాలి. పొయ్యి అంటించాలి. ముద్ద చేయాలి. అందర్నీ పిలవాలి" అన్నాను.

"బాగుండాది. పాపకు వంట తెల్దు. ముద్ద మాత్రం తన ఇష్టం వచ్చినట్ల చేస్తాది. ఏం చేస్తావు పాపా?"

"నూడుల్స్ సార్!" అంది కణేకల్ అమ్మాయి. క్లాసంతా గొల్లుమంది.

సార్ ఆమె ఎదురుగా నిలబడి "పాపా, వంట చెయ్" అన్నారు. ఆమె తనకు తెలియదని తల ఊపింది. తల్లి కూడా తెలియదంది. పని నా దాకా వచ్చింది. నేను చేతులు కడుక్కున్నట్టు, పొయ్యి అంటించినట్టు నటించాను. తర్వాత "సంగటి ముద్ద" అన్నాను.

సార్ చాక్‌పీసుతో బల్ల మీద టక్కున కొట్టారు. "ఎవర్ని పిలిచినావు?"

"నన్నే సార్. నా వంటే కదా."

"వంట నీదే. పిలుపు ఎవరికి వచ్చె? పాపకు. నువ్వు నడిపేది పాప పని. మధ్యలో ముద్ద అవసరమైతే నీ ముద్ద నువ్వు చేసుకునేది కాదు. మళ్ళా ముందుకు పోయి పాపను అడగల్ల. అడుగు."

అడిగాను. కణేకల్ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి "నూడుల్స్!" అని అరిచింది.

"చూడండప్పా. జేజి పొయ్యి మీద నూడుల్స్ ఉడికె. జేజి వంట రాసేటప్పటికి ఆ పాప పుట్టనే లేదు. అయినా జేజి పనిలోకి పాప చెయ్యి వచ్చె."

ఇంకొక సంగతి కూడా ఆ రోజే చెప్పారు. కణేకల్ అమ్మాయి భుజం పట్టుకొని ఆమెను వెనక్కి తిప్పారు. "నూడుల్స్ చేసేముందు, జేజీ నువ్వెట్ల చేస్తావని అడిగి, అది గూడా చేసి, ఆపైన నీది చేయొచ్చు. కానీ ఇట్ల తిరగల్ల. ఎవరూ తిప్పరు. ఇప్పుడు నేను తిప్పినా గానీ, ప్రోగ్రాములో ఎవరూ తిప్పరు. తిరిగేది మరిచిపోతే జేజి పని ఉన్నట్టే ఉంటాది, జరగదు."

వెనుక బెంచీలో ఎవరో అడిగారు. "బిడ్డ మార్చకుండా ముద్ర వేయొచ్చు కదా సార్? ఫైనల్ అని రాస్తే సాలు కదా?"

"వేయొచ్చు."

"అయితే అన్నిటికీ వేసేస్తే పోలా?"

"వేసెయ్. అప్పుడు నీకు బిడ్డ ఏటికి? నువ్వొక్కడివే బతుకు" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "మా నాయన ఒక్కదానికీ ముద్ర వేయకుండా వదల్లేదు. నూలంత పక్కకు కత్తెర పోతే స్కేలుతో చేతి మీద కొడతాండె. నేను వేయను" అని బోర్డు వైపు తిరిగారు.

ఆయన ప్రోగ్రాం ఎప్పుడూ అలా ముద్ర లేకుండానే రాసేవారు. వెనుక నిలబడినవాళ్ళు ముందు నిలబడినవాళ్ళను నమ్మాలి. నాకు ఆ మాట ప్రార్థనలో కూడా గుర్తొచ్చేది. దేవుడు మనిషి చేతికి ముద్ర వేయలేదు. వేసి ఉంటే లోకంలో ఇంత కీడు ఉండేది కాదు. మనిషీ ఉండేవాడు కాదు. మా నాయన నడిపే చిన్న సంఘంలో, గుమ్మఘట్ట దగ్గర పల్లెలో, చాప మీద కూర్చొని వాక్యం వింటూ పెరిగినదాన్ని నేను. ఈ సంగతి నాకు అక్కడ అర్థం కాలేదు. ఒక ముస్లిం సార్ చెప్పిన ప్రోగ్రాం పాఠంలో అర్థమైంది. ఆ తర్వాత దానివల్లే నెమ్మది పోయింది.

చదువయ్యాక నేనూ అదే కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. అప్పటికి సార్ పూర్వ విద్యార్థి ఒకడు రాయదుర్గంలో చిన్న షెడ్డు పెట్టుకొని, బోరు మోటార్లను ఫోనుతో ఆన్ చేసే పెట్టెలు తయారు చేస్తున్నాడు. ఆ పెట్టెలోని ప్రోగ్రాం సార్ రాసిచ్చారు. అందులో మామూలు మోటారుకు ఒక క్లాసు ఉంది. దానిలో "మొదలుపెట్టు" అనే పని మొదట తాళం ఉందేమో చూస్తుంది, తర్వాత కరెంటు సరిగా వస్తోందేమో చూస్తుంది, ఆ తర్వాతే మోటారు వేస్తుంది. తాళమంటే ఇనుప తాళం కాదు. వైరు ముట్టుకోవాల్సి వచ్చినప్పుడు రైతు ఫోనులో నొక్కే గుర్తు. నొక్కితే పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అది వెలిగినంతసేపు మోటారు తిరగకూడదు.

ఎండాకాలం వచ్చింది. మా వైపు బోర్లు కాసేపు పోసి నిలిచిపోతాయి. నీళ్ళు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది. కాసేపు నడిచి, తనంతట తానే ఆగి, నీళ్ళు ఊరాక మళ్ళీ నడిచే పెట్టె కావాలని రైతులు అడిగారు. సార్ మామూలు మోటారు క్లాసుకు ఒక బిడ్డ క్లాసు రాశారు. అందులో "మొదలుపెట్టు" పనిని కొత్తగా రాశారు. నడవడం, ఆగడం, ఊరేదాకా చూడడం, మళ్ళీ నడవడం. అన్నీ చక్కగా రాశారు. వెనక్కి తిరిగి తల్లిని అడగమని మాత్రం రాయలేదు. ఫోనులో నొక్కితే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, ఎందుకంటే ఆ పని తల్లి నుంచి మారకుండా వచ్చింది. మోటారు వేసేముందు ఆ లైటు వైపు చూసేవాళ్ళే లేరు.

మా పల్లెల్లో వైరు పని చేయాలంటే స్టార్టరు దగ్గర ఫీజులు, అంటే ఫ్యూజులు, పీకుతారు. పీకి అక్కడే పెట్టరు, ఎవరైనా చూడక తిరిగి పెడతారని. పై గుడ్డలో మూట కట్టుకొని నడుముకు చుట్టుకుంటారు. ఆడవాళ్ళయితే కొంగున కట్టుకుంటారు. పని అయ్యేదాకా విప్పరు. ఎర్ర లైటు వచ్చాక ఆ అలవాటు పోయింది. లైటు వెలుగుతుంటే ఫీజులెందుకు పీకడం అనుకున్నారు.

మా సంఘంలోని ఒక అన్న చేనిలో అడవి పందులు మోటారు వైరు తెంపేశాయి. ఆయన ఫోనులో తాళం నొక్కాడు. ఎర్ర లైటు చూసుకున్నాడు. తెగిన కొసలు చేతిలోకి తీసుకున్నాడు. బోరులో నీళ్ళు ఊరే వేళ అయింది, పెట్టె మోటారు వేసింది.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి కాలింది. వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోవు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన సంఘంలో సాక్ష్యం చెప్పాడు, ప్రభువు నన్ను కాపాడినాడని. అందరం ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను.

ఈ సంగతి నేను స్టాఫ్ రూములో చెప్తుంటే సార్ టీ సాసరులో పోసుకుంటున్నారు. సాసరు కింద పెట్టి "ఎర్ర లైటు ఎలిగిందా?" అని అడిగారు. వెలిగిందన్నాను. టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయారు. మరుసటి రోజు పొద్దున్నే మా ఊరికి వచ్చి, ఆ అన్న ఇంటికి దారి చూపమన్నారు.

అన్న మంచం మీద కూర్చొని ఉన్నాడు. సార్ నేల మీద కూర్చోబోతే కుర్చీ వేశారు.

"ఎట్లుండాదప్పా చెయ్యి?"

"ఉండాది సార్. దేవుని దయ, పానం మిగిలె. కరెంటోళ్ళ తప్పు. చెప్పకుండా కరెంటిడిసినారు."

"కరెంటోళ్ళ తప్పు కాదప్పా."

అన్న భార్య గ్లాసులో టీ తెచ్చి పక్కన నిలబడింది. "అయితే మా టైము బాగలేదు సార్. దేవుడు ఇట్ల పెట్టినాడు, ఏం చేస్తాం."

"దేవుని మీదకు తోయొద్దమ్మా. ఆ పెట్టెలో పని నేను పెట్టినా. మోటారు వేసేముందు తాళం చూడమని చెప్పేది మరిచిపోయినా. ఇది నా తప్పు."

అన్న ముడుచుకుపోయిన చేతిని రెండో చేత్తో పట్టుకొని చూసుకున్నాడు. "ఇంత చదువుకున్నోనివి, నువ్వెట్ల మరుస్తావు సార్?"

"మరిచినా."

అన్న భార్య తెచ్చిన టీ గ్లాసును అలాగే పట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. మేము వీధి చివరికి వచ్చాక నేను సార్‌ను అడిగాను. "ఎందుకు సార్ చెప్పడం? వాళ్ళు దేవుని మీద భారం వేసి కుదుటపడినారు. ఇప్పుడు మీరొచ్చి అది గూడా తీసేసినారు."

"కుదుటపడేది మంచిదే అమ్మా. పక్క చేన్లో గూడా పెట్టె ఉండాది గదా. ఈళ్ళు దేవుడు చేసినాడనుకుంటే, ఆడ ఫీజు ఎవరు పీకుతారు?"

"అయితే దేవుడు లేడా సార్ ఇందులో?"

ఆయన మోపెడ్ స్టాండు తీస్తూ ఆగారు. "ఉండాడు. నీ దేవుడని, నా దేవుడని నేను వేరుగా అనుకోను, నువ్వనుకుంటావేమో. పెద్ద పని ఆయనదే. నీకు నేర్పింది మరిచినావా? పని జేజిదైనా, మధ్యలో పిలుపు ముందు నిలబడినోనికి వస్తాది. అది నాకు వచ్చె. నేను పలికినా, తప్పు పలికినా. పైనున్నోన్ని అడిగితే ఆయనేం చెప్తాడు, ఎవర్ని పిలిచినానో వాన్ని అడగమంటాడు."

అన్నీ ఆయన చిత్తమే అని పిల్లలకు ఆదివారం పాఠం చెప్పేదాన్ని. ఆ ఆదివారం పాఠం చెప్పలేక, పిల్లలచేత పాటలు పాడించి పంపేశాను.

ఆ పెట్టెలకు దూరం నుంచి మార్పు పంపే వీలు లేదు. ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్ళి, మూత తీసి, ల్యాప్‌టాప్ తగిలించి సరిచేయాలి. సార్ షెడ్డుకు వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. షెడ్డు కుర్రాడు, అంటే ఆయన పాత శిష్యుడు, లేచి నిలబడి మాట్లాడాడు గానీ ఒప్పుకోలేదు.

"సార్, ఎండాకాలం పెట్టెలు యాడ యాడ బిగించినామో నాకే గుర్తులేదు. ఒక వాన పడితే ఎవరూ అది వాడరు. గమ్మునుండండి సార్. మీరు ఊరూరా పోయి చెప్తే నా పెట్టెను ఇంగెవరు ముట్టుకుంటారు?"

"నీ పెట్టె గురించి చెప్పను. నా ప్రోగ్రాం గురించి చెప్తా."

"జనానికి ఆ తేడా తెలుస్తాదా సార్?"

"తెలిసేటట్ల చెప్తా. అది నా ఉద్యోగం" అన్నారు సార్. బయటికి వచ్చాక నాతో "వాన పడేదాకా ఎంతమంది వైర్లు పట్టుకుంటారో వానికేం ఎరుక" అన్నారు.

పెట్టెలు ఎక్కడున్నాయో తెలియకపోతే అందరికీ చెప్పడమే దారి. సార్ మసీదు మైకులో చెప్పించారు. మా సంఘం మైకులో చెప్పడానికి నేను మా నాయనను అడిగాను.

"ఇది వాక్యం చెప్పే మైకు పాపా. మోటార్ల సంగతి పంచాయితీ ఆఫీసులో చెప్పుకోమను."

"చెయ్యి కాలిన మనిషి మన సంఘంలో మనిషే కదా నాయనా."

"మీ సార్ టోపీతో వచ్చి నిలబడితే పెద్దలేమంటారో."

"టోపీ వద్దని చెప్పమంటావా?"

మా నాయన నా వైపు చాలాసేపు చూశాడు. "వద్దులే. ఆరాధన అయినంక రమ్మను. తొందరగా ముగించమను."

సార్ చెప్పులు గేటు బయటే విడిచి వచ్చారు. వేదిక ఎక్కమంటే ఎక్కలేదు. "ఆ గట్టు మీ నాయనది" అని కిందనే నిలబడి మైకు తీసుకున్నారు. ముందు వరుసలో చెయ్యి కాలిన అన్న ఉన్నాడు. అతని భార్య ముఖం పక్కకు తిప్పుకొని కూర్చుంది.

సార్ ఉపన్యాసం చెప్పలేదు. ఒక ముసలామెను, ఆమె కోడలిని, మనవరాలిని లేపి వరుసగా నిలబెట్టారు. మనవరాలిని ముందు నిలబెట్టారు.

"ఏం సామీ, ఈ వయసులో నన్ను బడికి పంపిస్తావా?" అంది ముసలామె. అందరూ నవ్వారు.

"నువ్వే నాకు పాఠం చెప్పల్ల జేజీ. మీ ఆయన వైరు ముట్టుకునేముందు నువ్వేం చేస్తాంటివి?"

"ఫీజులు పీకి కొంగున కట్టుకుంటాంటి. దేవుడే దిగొచ్చి అడిగినా ఇయ్యను."

కోడలు తానూ అంతేనంది. సార్ మనవరాలి ముందు వంగి "నీకు మోటారు వేసేది తెలుసా పాపా?" అని అడిగారు.

"ఓ. ఫోను నొక్కితే సాలు."

"ఫీజుల సంగతి జేజిని అడిగినావా?"

"లేదు. ఎవరూ అడగమనలేదు."

సార్ నిటారుగా నిలబడ్డారు. మైకులో ఆయన ఊపిరి వినిపించింది. "విన్నారు గదా. ఆ పెట్టెలో నేను చేసింది ఇదే. కొత్త పని నేర్పినా. వెనక్కి తిరిగి జేజిని అడుగు అని నేర్పలేదు. తప్పు పాపది కాదు, జేజిది కాదు. నాది. ఎవరి చేన్లో ఆగి ఆగి నడిచే పెట్టె ఉంటే వాళ్ళు ఈ పొద్దే ఫీజులు పీకండి. నేను వచ్చి సరిచేసేదాకా పెట్టొద్దండి. ఎర్ర లైటును నమ్మొద్దండి."

అన్న భార్య లేచి నిలబడింది. ఆమె సార్‌ను చూడకుండా, వెనక్కి తిరిగి జనాన్ని చూసి "ఇన్నారా? చేసినోడే చెప్తాండాడు. పోయి పీకండి. నా మొగుని చెయ్యి చూసి పోయి పీకండి" అంది. కూర్చొని ఏడ్చింది. మా నాయన ముగింపు ప్రార్థన చేయడం మరిచిపోయాడు.

ఆ ఎండాకాలమంతా సార్ మోపెడ్ మీద తిరిగారు. తలకు తడిగుడ్డ చుట్టుకొని, ల్యాప్‌టాప్ సంచిని ముందు పెట్టుకొని పోయేవారు. మైకు విన్నవాళ్ళు, విన్నవాళ్ళు చెప్తే విన్నవాళ్ళు ఫోను చేసేవారు. కొందరు తిట్టేవారు. ఒకచోట బోరు దగ్గరికి రానివ్వలేదు, మసీదాయన వచ్చి చెప్తే రానిచ్చారు. నేను ప్రోగ్రాంను ఆయనతో కలిసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇంకెక్కడా తిరిగి చూడడం మరిచిపోలేదు కదా అని. తాళం చూసే పనికి ఆయన ముద్ర వేశారు. ఏ బిడ్డా మార్చడానికి లేకుండా. వేస్తూ "మా నాయన గెలిచె" అన్నారు. నవ్వారో లేదో తెలియలేదు. ఆయన ముఖం ఎండకు నల్లబడి, పెదవులు పగిలి ఉన్నాయి.

కణేకల్ వైపు, కాలువ నీళ్ళు అందని మెట్టలో ఒక చేను మిగిలిందని, రెండ్రోజుల్లో వస్తానని ఆ చేనివాళ్ళకు ఫోనులో చెప్పానని సార్ నాతో అన్నారు. ఆ రెండ్రోజులు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం నమాజు చేసుకొని ఇంట్లో పడుకున్నారు, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. నేను వెళ్ళేటప్పటికి ఆడవాళ్ళ మధ్య ఆయన భార్య గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నారు. "సగం నిద్రలో గూడా ఊర్ల పేర్లు చెప్తాండె" అన్నారు నాతో.

మా సంఘంలో ఒకావిడ ఆ ఆదివారం నన్ను పక్కకు పిలిచి, నెమ్మదిగా, మంచి మనసుతోనే అడిగింది. "పాపా, ఆ సార్ రక్షణ పొందినాడంటావా?" నేను చిన్నప్పటి నుంచి ఈ ప్రశ్నకు జవాబు నేర్చుకున్నదాన్ని. ఆమెకు చెప్పలేకపోయాను. ప్రార్థనలో ఆయన పేరు చెప్పి, ఆ తర్వాత ఏం అడగాలో తెలియక మోకాళ్ళ మీదనే చాలాసేపు ఉండిపోయాను. ఇప్పటికీ అంతే.

మిగిలిన చేను సంగతి నాకు తెలుసు. వెళ్ళడానికి మాత్రం రోజులు పట్టింది. పరీక్షలు, జ్వరం, ఏవో కారణాలు. చివరికి మా నాయన బండి మీద తీసుకుపోయాడు. చేను గట్టు మీద భార్యాభర్తలు మమ్మల్ని చూసి లేచారు. వాళ్ళ వెనుక చీనీ మొక్కలు, అంటే బత్తాయి. పోయిన ఏడు నాటినవి. సగానికి పైగా ఆకులు ముడుచుకొని, కొమ్మలు పుల్లల్లా ఉన్నాయి.

"నువ్వెవరు? సార్ యాడ?" అంది ఆమె.

"సార్ పోయినారక్కా."

"యాడికి?"

"చచ్చిపోయినారు."

ఆమె భర్త తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె మాత్రం కదలలేదు. "సార్ వచ్చిందాకా ముట్టొద్దనె. ముట్టలేదు. ఈయప్ప మెకానిక్కును పిలిచి పెట్టె పీకేద్దామనె. నేనే వద్దంటి. రెండ్రోజుల్లో వస్తా తల్లీ అని ఫోన్లో చెప్పె. బిందెలతో ఎన్నిటికని పోస్తాం? పిల్లల్ని సాకినట్ల సాకినా ఈ చెట్లను. చూడు, ఎట్లయిపాయనో చూడు."

నేను పెట్టె మూత తీసి పనికి కూర్చున్నాను. మా నాయన ఆమెను ఓదార్చడానికి ముందుకు వచ్చాడు.

"ఏం చేస్తామమ్మా. అంతా దేవుని చిత్తం."

"దేవుని చిత్తమైతే, మీ సార్ ఎండల్లో యాల తిరిగె?" అంది ఆమె. మా నాయన వెనక్కి జరిగాడు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఇది నిజంగా ఆయప్ప తప్పేనా? లేకుంటే మంచోడు గాబట్టి షెడ్డోడు చేసినదాన్ని తన నెత్తిన వేసుకున్నాడా? మా ఊర్లో అట్లనే అనుకుంటాండారు."

ఔనని ఒక్క మాట అంటే సరిపోయేది. తప్పు షెడ్డు కుర్రాడి మీదికి పోయేది. కరెంటు మీదికి పోయేది. సార్ మంచి మనిషిగా, ఎవరో చేసినదాన్ని మోసినవాడిగా మిగిలిపోయేవారు. మా సంఘంలో కూడా అలాంటివాళ్ళ గురించి గంటలకొద్దీ చెప్పుకుంటాం. ఆ మాట నాలుక మీదిదాకా వచ్చింది.

"ఆయన తప్పే అక్కా" అన్నాను. "ఆయనే చేసినారు."

"ఏమ్మే, చచ్చిపోయినోన్ని అట్లంటావు?"

"ఆయన బతికుండి ఊరూరా చెప్పింది అదే. ఇప్పుడు నేను కాదంటే, ఆయన అబద్ధమాడినట్టు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ఎండిన మొక్కల వైపు చూసింది. "ఈ చెట్లు?"

"అవీ మా వల్లే. సార్ పోయినాక నేను వెంటనే రావాల్సింది, రాలేదు."

మా నాయన తల దించుకున్నాడు. పని అయిపోయింది. నేను లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకొని "ఇంగ ఫీజులు పెట్టొచ్చు" అన్నాను.

ఆమె కొంగు ముడి విప్పింది. అన్ని రోజులూ ఫీజులు అక్కడే ఉన్నాయి. భర్త చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. స్టార్టరు దగ్గరికి తానే నడిచింది. ఫీజు పట్టుకొని, పెట్టకుండా నా వైపు తిరిగి అడిగింది.

"పెట్టమంటావా?"

నేను కళ్ళు మూసుకొని ప్రార్థన చేయాలనుకున్నాను. ఆమె నా కళ్ళలోకే చూస్తోంది.

"పెట్టక్కా" అన్నాను. "నేను చెప్తాండా."